ప్రాయోపవేశం: పాత కావ్యాల్లో, పత్రికల్లో ఈ మాట ఎలా నడిచింది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా డిసెంబర్ 15 దగ్గర పడుతుంటే, పొట్టి శ్రీరాములు గురించి రాసే వ్యాసాల్లో ఈ మాట తల ఎత్తుతుంది. తర్వాత నెలల తరబడి కనిపించదు. మళ్లీ ఏ భాగవత సప్తాహంలోనో, ఏ పురాణ ప్రవచనంలోనో వినిపిస్తుంది. వార్తలో చదివిన అర్థానికీ, ప్రవచనంలో విన్న అర్థానికీ పొంతన కుదరక చాలామంది తికమక పడతారు. ఆ తికమకలో పుట్టే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ప్రాయోపవేశం అంటే సూటిగా ఏమిటి?

ఇక ప్రాణం పోయేదాకా ఆహారం ముట్టనని నిశ్చయించుకుని ఒకచోట కూర్చోవడం. ఇందులో మూడు విషయాలున్నాయి: నిశ్చయం, ఆహారం మానడం, కూర్చోవడం. ఈ రోజుల్లో మనకు రెండోదే గుర్తుంటోంది. పాత కవులకు మాత్రం మూడోది చాలా ముఖ్యం. ఎక్కడ కూర్చున్నాడు, ఏ దిక్కు చూస్తూ కూర్చున్నాడు, కింద ఏం పరిచారు అన్నది చెప్పకుండా వాళ్లు ఈ ఘట్టాన్ని దాటిపోరు. మాటలోనే కూర్చోవడం ఉంది మరి.

ప్రాయం అంటే వయసు కదా? ఇక్కడ వయసుకేం పని?

ప్రాయ, ఉపవేశం కలిసి ప్రాయోపవేశం అయింది. గుణసంధి. అయితే "పడుచు ప్రాయం" అన్నప్పటి ప్రాయం వేరు, ఇక్కడి ప్రాయం వేరు. ఇక్కడ ప్రాయం అంటే వెళ్లిపోవడం, ఇంకా సూటిగా చెప్పాలంటే లోకం విడిచి పోవడం. "ప్ర" అనే ఉపసర్గకు "వెళ్లు" అని అర్థమున్న ధాతువు చేరి పుట్టింది. అమరకోశం ఈ శబ్దానికి రెండర్థాలు చెబుతుంది: ఒకటి బాహుళ్యం, రెండోది అంత్యగమనం. తృణప్రాయం, మృతప్రాయం అని మనం రోజూ అనే మాటల్లో ఉన్నది మొదటి అర్థానికి దగ్గరిది. ప్రాయోపవేశంలో ఉన్నది రెండోది.

ప్రాయశ్చిత్తంలోని ప్రాయం మళ్లీ వేరే. అక్కడ ప్రాయం అంటే తపస్సు, చిత్తం అంటే నిశ్చయం అని సంప్రదాయం చెప్పే వివరణ. ఈ మాటలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి "చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా చేసే ఉపవాసమే ప్రాయోపవేశం" అనుకునేవాళ్లూ ఉన్నారు. అలా కాదు.

ఉపవాసం, ఉపవేశం ఒకటేనా?

కాదు. ఉపవాసంలో ఉన్నది "వాసం", అంటే దగ్గరగా ఉండడం. ఉపవేశంలో ఉన్నది కూర్చోవడం. ఉపవాసం తెల్లారితే ముగుస్తుంది, పారణ, అంటే ఉపవాసం ముగించి తినడం, ఉంటుంది. ప్రాయోపవేశానికి పారణ లేదు. "ప్రాయోపవాసం" అని అక్కడక్కడా అచ్చులో కనిపిస్తుంది. అది రెండు మాటలను కలిపేసిన రూపం, వాడకపోవడమే మంచిది.

రామాయణంలో ఈ మాట ఎక్కడ వస్తుంది?

కిష్కింధకాండ చివర్లో. సీతను వెతకడానికి దక్షిణ దిక్కుకు బయల్దేరిన వానరులకు సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయింది. సీత జాడ లేదు. వెనక్కి వెళితే సుగ్రీవుడు చంపుతాడని అంగదుడి భయం. "ఇహైవ ప్రాయమాసిష్యే" అంటాడు. ఇక్కడే ప్రాయానికి కూర్చుంటాను అని. గమనించండి, ఇక్కడ ప్రాయం, కూర్చోవడం ఇంకా రెండు వేరు మాటలుగానే ఉన్నాయి. అవి అతికితే వచ్చిన మాటే మనది.

ఆ తర్వాత వాల్మీకి చూపించే దృశ్యం చాలా వివరంగా ఉంటుంది. వానరులందరూ నీళ్లు ముట్టుకుని ఆచమనం చేశారు. సముద్రపు ఉత్తరపు ఒడ్డున, కొసలు దక్షిణానికి ఉండేలా దర్భలు పరుచుకున్నారు. తూర్పు ముఖంగా కూర్చున్నారు. అంతసేపూ ఏడుపులు, కేకలు, సుగ్రీవుడి మీద నిందలు. కూర్చోవడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక కర్మకాండకు ఉండే పద్ధతి వచ్చేసింది. కొండ మీద నుంచి ముసలి గద్ద సంపాతి అది చూసి, ఇన్నాళ్లకు తిండి దానంతట అదే వచ్చిందని సంతోషిస్తాడు. వాళ్ల మాటల్లో తమ్ముడు జటాయువు పేరు వినబడేసరికి కథ మలుపు తిరుగుతుంది. లంక జాడ తెలిసేది అక్కడే. అంటే రామాయణ కథ ముందుకు నడిచింది పూర్తికాని ఒక ప్రాయోపవేశం వల్ల.

మహాభారతంలో ఎవరు చేశారు?

ఇద్దరిని చెప్పుకోవాలి. ఇద్దరూ కౌరవుల వైపు వాళ్లే.

మొదటివాడు దుర్యోధనుడు. అరణ్యపర్వంలో ఘోషయాత్ర కథ. పాండవుల ముందు తన వైభవం చూపించి వాళ్ల కడుపు మండించాలని వెళ్లి, చిత్రసేనుడనే గంధర్వుడికి చిక్కుతాడు. విడిపించింది ఆ పాండవులే. ఆ అవమానం తట్టుకోలేక ప్రాయోపవేశం చేస్తానంటాడు. రాజ్యం దుశ్శాసనుడికి ఇస్తానంటే, అతడు అన్న కాళ్ల మీద పడి ఏడుస్తాడు. కర్ణుడు ఒక వింత వాదన చేస్తాడు: పాండవులు నీ రాజ్యంలో ఉండేవాళ్లు, రాజును కాపాడడం ప్రజల పని, ఇందులో నీకు సిగ్గెందుకు అని. అయినా దుర్యోధనుడు దర్భల మీద కూర్చుంటాడు. చివరికి దానవులు హోమంతో కృత్య అనే ఒక క్షుద్రశక్తిని పుట్టించి, రాత్రికి రాత్రి అతణ్ని పాతాళానికి రప్పించుకుని, గెలుపు నీదేనని నమ్మించి పంపుతారు. తెల్లారేసరికి దీక్ష వదిలేస్తాడు. తెలుగు భారతంలో ఈ భాగం నన్నయది కాదు. ఆయన వదిలిపెట్టిన అరణ్యపర్వాన్ని పూరించిన ఎర్రనది.

రెండోవాడు భూరిశ్రవుడు. ద్రోణపర్వంలో సాత్యకిని చంపబోతుండగా అర్జునుడు పక్కనుంచి బాణం వేసి అతని చెయ్యి నరుకుతాడు. నాతో పోరాడని నువ్వు ఇలా చేయడం ధర్మమా అని అడిగి, భూరిశ్రవుడు యుద్ధభూమిలోనే బాణాలు పరుచుకుని ప్రాయానికి కూర్చుంటాడు. అందరూ వారిస్తున్నా సాత్యకి వెళ్లి అలా కూర్చున్నవాడి తల నరుకుతాడు. ప్రాయోపవిష్టుడి మీద చెయ్యి చేసుకోవడం ఎంత పెద్ద తప్పుగా అప్పటివాళ్లు భావించారో ఆ ఘట్టం చదివితే అర్థమవుతుంది. రెండు సైన్యాల్లోనూ సాత్యకిని మెచ్చుకున్నవాడు లేడు.

పరీక్షిత్తు కథ అందరికీ తెలిసిందే. అందులో ప్రత్యేకం ఏముంది?

తెలుగువాళ్లకు ఈ మాట పరిచయమైంది ఎక్కువగా పోతన భాగవతం ద్వారానే. శృంగి శాపం వల్ల ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకు చనిపోతానని తెలిసి, పరీక్షిత్తు కొడుకు జనమేజయుడికి రాజ్యం అప్పగిస్తాడు. గంగకు దక్షిణపు ఒడ్డున దర్భల మీద ఉత్తరముఖంగా కూర్చుంటాడు. శుకుడు వచ్చి భాగవతం చెబుతాడు. సప్తాహాలు ఏడు రోజులు జరగడానికి మూలం ఇదే.

దశమ స్కంధం మొదట్లో పరీక్షిత్తు ఒక మాట అంటాడు: నీళ్లు కూడా మానేశాను, అయినా ఈ ఓర్చుకోలేని ఆకలి నన్ను బాధించడం లేదు, మీ నోటి నుంచి హరికథామృతం తాగుతున్నాను కదా అని. ప్రాయోపవేశంలో నీళ్లు తాగొచ్చా అని అడిగేవాళ్లకు పరీక్షిత్తు వరకు జవాబు ఇక్కడుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. భారతం ఆదిపర్వంలో ఇదే పరీక్షిత్తు ప్రాయోపవేశం చేయడు. ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, వైద్యులను, మంత్రవేత్తలను చుట్టూ పెట్టుకుని ప్రాణం కాపాడుకోవాలని చూస్తాడు. తక్షకుడు పండులో పురుగై వస్తాడు. ఒకే రాజు, ఒకే శాపం, ఒకే చావు. ఒక పుస్తకంలో దాక్కున్నాడు, ఇంకో పుస్తకంలో నది ఒడ్డున అందరి ముందూ కూర్చున్నాడు. ప్రాయోపవేశం అనే ఊహకు భాగవతం ఎంత విలువ ఇచ్చిందో తెలుసుకోవాలంటే ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

అంటే ఇది ఎప్పుడూ తన కోసం చేసుకునేదేనా? ఎదుటివాడి మీద ఒత్తిడికి కాదా?

వార్తల్లోని వాడకానికీ, ప్రవచనాల్లోని వాడకానికీ మధ్య కనిపించే తేడా అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. పాత గ్రంథాల్లో రెండూ ఉన్నాయి.

పరీక్షిత్తు ఎవరినీ ఏమీ అడగలేదు. కాళిదాసు రఘువంశంలో అజుడూ అంతే. భార్య ఇందుమతి పోయిన దుఃఖంలో, కొడుకు దశరథుడు చేతికి అందివచ్చేదాకా ఆగి, రోగం పట్టిన శరీరాన్ని ప్రాయోపవేశంతో వదలాలనుకుని, గంగా సరయూ నదుల సంగమంలో విడిచిపెడతాడు. ఎవరి నుంచీ ఏదీ కోరని నిష్క్రమణ ఇది.

రెండో రకానికి మంచి ఉదాహరణ భరతుడు. చిత్రకూటంలో రాముడు అయోధ్యకు రానంటే, భరతుడు సుమంత్రుణ్ని పిలిచి దర్భలు పరవమంటాడు. అన్న మనసు మారేదాకా, సొమ్ము పోగొట్టుకున్న బ్రాహ్మణుడు బాకీదారు గుమ్మం ముందు పడుకున్నట్టు, తిండి లేకుండా ఈ పర్ణశాల ముందు పడుకుంటానంటాడు. రాముడి జవాబు చూడండి: ఇలా అడ్డుపడడం బ్రాహ్మణుడికి చెల్లుతుందేమో, పట్టాభిషేకం పొందే క్షత్రియుడికి ఈ విధి లేదు, లే అంటాడు. వాల్మీకి ఇక్కడ వాడింది ప్రాయోపవేశం కాదు, ప్రత్యుపవేశం. ఎదుటివాడికి ఎదురుగా కూర్చోవడం. ఒక్క ఉపసర్గ మారడంతో మొత్తం ఉద్దేశమే మారింది. మన పత్రికలు ఇవాళ దీక్ష అని రాసేదానికి పాత మాట వెతకాలంటే, నా లెక్కలో ప్రాయోపవేశం కంటే ప్రత్యుపవేశమే దగ్గరిది. ఆ మాట తెలుగులో నిలవకపోవడం లోటే.

తర్వాతి కాలంలో ఈ తేడా చెరిగిపోయింది. పన్నెండో శతాబ్దంలో కల్హణుడు రాసిన కశ్మీర రాజుల చరిత్ర రాజతరంగిణిలో ప్రాయోపవేశం అంటే చాలాచోట్ల రాజు మీద ఒత్తిడి తేవడమే. బ్రాహ్మణులు, ఆలయ పరిషత్తులు మాటిమాటికీ దీనికి దిగేవారు. ఎంతగా అంటే, ఎవరెక్కడ ప్రాయోపవేశానికి కూర్చున్నారో చూసి రాజుకు చెప్పడానికి అధికారులే ఉండేవారు.

అందులో యశస్కరుడి కథ ఒకటి చెప్పి తీరాలి. పదో శతాబ్దపు కశ్మీర రాజు. ఒకడు ప్రాయోపవేశం చేస్తున్నాడని ఆ అధికారులు చెబితే పిలిపించి అడిగాడు. అతను అప్పుల పాలై ఇల్లు ఒక వర్తకుడికి అమ్మి దేశాంతరం పోయాడు. భార్య బతుకుతెరువు కోసం మెట్లబావి ఒక్కటి మాత్రం అమ్మకుండా ఉంచుకున్నాడు. ఏళ్ల తర్వాత తిరిగొస్తే ఆ బావిని కూడా వర్తకుడు లాక్కున్నాడు. న్యాయాధికారులందరూ వర్తకుడి వైపే తీర్పు ఇచ్చారు, ఎందుకంటే పత్రంలో బావితో సహా అమ్మినట్టు స్పష్టంగా ఉంది. రాజు మాటల్లో పెట్టి వర్తకుడి ఉంగరం తీసుకుని, దాన్ని ఆనవాలుగా అతని ఇంటికి పంపి లెక్కల పుస్తకం తెప్పించాడు. పత్రం రాసిన లేఖకుడికి వెయ్యి దీనారాలు ఇచ్చినట్టు అందులో ఉంది. చిన్న పత్రానికి అంత సొమ్మెందుకు? లేఖకుణ్ని నిలదీస్తే నిజం బయటపడింది. "సోపానకూప రహితం" అని ఉండాల్సిన చోట "ర" తీసి "స" రాశాడు. మెట్లబావి లేకుండా అన్నది మెట్లబావితో సహా అయిపోయింది. కోర్టులన్నీ చేతులెత్తేసిన చోట ఆ పేదవాడికి మిగిలిన ఆఖరి దారి ప్రాయోపవేశం.

ధర్నా అనే మాటకూ దీనికీ సంబంధం ఉందా?

మాటల పుట్టుక వేరు, ఆచారం ఒకటే. బాకీ వసూలు కోసం గుమ్మం ముందు తిండి మాని కూర్చోవడమే పాత ధర్నా. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 508వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో, ఎదుటివాడు దైవాగ్రహానికి గురవుతాడని నమ్మించేందుకు అతని గుమ్మం ముందు ధర్నా కూర్చోవడం కూడా ఉంది. ఇప్పటి ధర్నాలో తిండి మానడం పోయింది, కూర్చోవడం మిగిలింది. దీక్షలో కూర్చోవడం పోయినా పర్వాలేదు, తిండి మానడం మిగిలింది. భరతుడు కలిపి చేద్దామనుకున్నదాన్ని మనం రెండు మాటలుగా పంచుకున్నాం.

ఇరుగుపొరుగు భాషల్లో ఇలాంటి మాట ఉందా?

తమిళంలో ఉంది: వడక్కిరుత్తల్. ఉత్తరముఖంగా కూర్చుని ఆహారం మాని ప్రాణం విడవడం. సంగం కవిత్వంలో కొడుకులతో వైరం వచ్చిన కోప్పెరుంజోళుడు అనే చోళరాజు ఇలా కూర్చుంటాడు. అతన్ని ఎన్నడూ చూడకుండానే స్నేహం పెంచుకున్న పిసిరాందైయార్ అనే కవి వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంటాడు. వెణ్ణి యుద్ధంలో కరికాలుడి చేతిలో వీపుకు గాయమైన చేరరాజు కూడా ఆ సిగ్గుతో ఇదే చేశాడు. సిగ్గు అనే కారణం దుర్యోధనుణ్ని గుర్తుచేస్తుంది, ఉత్తరముఖం పరీక్షిత్తును గుర్తుచేస్తుంది.

జైనుల సల్లేఖన దీనికి దగ్గరగా కనిపిస్తుంది గానీ దాని నియమాలు వేరు. ఆహారాన్ని ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గిస్తూ పోతారు, గురువు అనుమతి కావాలి. రాష్ట్రకూట వంశంలో నాలుగో ఇంద్రుడు 982లో శ్రవణబెళగొళలో ఈ వ్రతంతోనే కన్నుమూశాడు. సల్లేఖనను, దానికే ఇంకో పేరైన సంథారాను వార్తల్లో "ప్రాయోపవేశం" అని తెలుగు చేయకండి. ఆ మతం వాళ్లకు వాళ్ల మాట ఉంది.

పత్రికల్లోకి ఈ మాట ఎప్పుడొచ్చింది?

గాంధీ ఉపవాసాలతో దీనికి పని పడింది. 1932 సెప్టెంబర్ 20న యెరవాడ జైల్లో ఆయన మొదలుపెట్టింది ప్రాణం పోయేదాకా అన్న నిరశన. పూనా ఒప్పందం కుదిరాక 26న విరమించారు. అలాంటిదాన్ని చెప్పడానికి తెలుగులో అప్పటికి చేతిలో ఉన్న మాటలు ప్రాయోపవేశం, నిరశన వ్రతం. ఆ కాలపు రాతల్లో రెండూ కనిపిస్తాయి. అదే గాంధీ 1943లో ఆగాఖాన్ భవనంలో చేసింది 21 రోజులని ముందే గడువు పెట్టుకున్న ఉపవాసం. దాన్ని ప్రాయోపవేశం అనకూడదు. గడువు ఉన్నచోట ఈ మాట పొసగదు.

ఆంధ్ర రాష్ట్రం కోసం 1951లో స్వామి సీతారాంగా పేరుపడ్డ గొల్లపూడి సీతారామశాస్త్రి ఆమరణ దీక్షకు కూర్చుని, 35 రోజుల తర్వాత వినోబా భావే మాట మీద విరమించారు. తర్వాతి ఏడు పొట్టి శ్రీరాములు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో మొదలుపెట్టి, 58వ రోజు, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు, 19న, ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. ఒక ప్రజా ఉద్యమం గురించి రాసేటప్పుడు ప్రాయోపవేశం అనే మాట పూర్తి అర్థంతో సరిపోయే సందర్భం తెలుగునాట ఏదైనా ఉందంటే అది శ్రీరాములుదే. కోరిక ఉంది కాబట్టి అది భరతుడి తోవ. చివరిదాకా కూర్చున్నారు కాబట్టి పరీక్షిత్తు తోవ కూడా.

మరి ఇప్పటి వార్తల్లో ఎందుకు కనిపించదు?

"దీక్ష" దాని చోటు తీసేసుకుంది. హెడ్డింగుకు రెండక్షరాల మాట దొరికితే ఐదక్షరాల మాట ఎవరు పెడతారు? పైగా దీక్షకు ముందు ఏదైనా తగిలించొచ్చు: రిలే దీక్ష, మౌన దీక్ష, ఒకరోజు దీక్ష, జలదీక్ష. యజ్ఞానికి ముందు యజమాని పట్టే నియమంగా మొదలైన మాట ఇది. మాల వేసుకున్నవాళ్ల నియమానికీ, టెంటు కింద కూర్చున్న నాయకుడికీ ఇవాళ అదే సరిపోతోంది.

ఇంకో కారణం, ప్రాయోపవేశం రాస్తే మాట మీద నిలబడాలి. ఆమరణ నిరాహార దీక్ష అని మొదలైనవి నిమ్మరసంతోనో, ఆస్పత్రి సెలైన్‌తోనో ముగియడం మామూలే, అలా ముగియాలనే అందరం కోరుకుంటాం. 2009 నవంబర్ 29న తెలంగాణ కోసం కేసీఆర్ మొదలుపెట్టినదానికి కూడా పత్రికల్లో నిలిచిన పేరు ఆమరణ నిరాహార దీక్షే. "ఆమరణ" అన్న విశేషణాన్ని అవసరమైతే తర్వాత వదిలేసి ఒట్టి దీక్ష అని రాసుకోవచ్చు. ప్రాయోపవేశంలో ఆ వెసులుబాటు లేదు, చావు మాటలోపలే ఉంది.

"నిరసన దీక్ష", "నిరశన దీక్ష": ఏది సరైనది?

రెండూ సరైనవే, అర్థాలు వేరు. అశనం అంటే తిండి, అది లేకపోవడం నిరశన. నిరసన అంటే కాదని తోసిపుచ్చడం, వ్యతిరేకించడం. నల్ల రిబ్బన్లు కట్టుకుంటే అది నిరసన. అన్నం మానేస్తే నిరశన. అన్నం మానడం కూడా వ్యతిరేకత చూపడానికే కాబట్టి చాలా వార్తల్లో ఏది రాసినా వాక్యం నడిచిపోతుంది. అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడదు. కానీ "కార్మికులు నిరసన విరమించారు" అన్నప్పుడు వాళ్లు భోజనం చేశారా, నినాదాలు ఆపారా? ఆస్పత్రిలో ఉన్న మనిషి గురించిన వార్తలో ఈ తేడా చిన్నది కాదు. శ కు స రాసేముందు ఒక్క క్షణం ఆగాలి. యశస్కరుడి కథలోని లేఖకుడు కావాలని చేసిన పని మనం చూసుకోక చేస్తున్నాం.

పస్తు, లంఖణం, ఒక్కపొద్దు: ఇవీ దీని చుట్టాలేనా?

తిండి లేకపోవడం వరకే చుట్టరికం. పస్తు అంటే లేక మానడం. లంఖణం జబ్బు కోసం మానడం. ఒక్కపొద్దు మొక్కు కోసం ఒక పూట మానడం. ఈ మూడింటిలోనూ బతకడమే ఉద్దేశం.

ఇది ఆత్మహత్యా? చట్టం ఏమంటుంది?

ధర్మశాస్త్రాలు ఈ రెంటినీ వేరుగానే చూశాయి. చట్టం అలా విడదీయదు. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు సంథారాను ఆత్మహత్యగా పరిగణించాలని తీర్పు ఇచ్చింది, అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చెప్పే పాత 309వ సెక్షన్ లేదు. అయితే ప్రభుత్వ ఉద్యోగి విధులకు అడ్డుపడడానికో, అతణ్ని బలవంతపెట్టడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే 226వ సెక్షన్ కింద ఏడాది దాకా సాధారణ జైలు శిక్ష, జరిమానా, లేదా సమాజ సేవ పడొచ్చు. ప్రత్యుపవేశాన్ని చట్టం పట్టించుకుంటోందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

రాసేవాళ్లకు నా గట్టి మాట ఒకటి: కష్టంలోనో, మానసిక బాధలోనో ఎవరైనా తిండి మాని చనిపోతే ఆ వార్తలో ఈ మాట వాడకండి. ఇది పురాణ గౌరవం ఉన్న మాట, ఆ గౌరవం అక్కడ అతికితే చావు గొప్పదిగా కనిపిస్తుంది. ఆ మనిషికి కావలసింది వైద్యం, తోడు.

పాత మాటకు కొత్త అర్థం ఇస్తే తప్పేముంది?

ఏమీ లేదు, ఇచ్చేవాడికి బలం ఉంటే. మహాప్రస్థానం చూడండి. పాండవులు అన్నీ వదిలి, ఒక్కొక్కరే పడిపోతూ ఉత్తరానికి నడిచిన ఆఖరి ప్రయాణం అది. శ్రీశ్రీ దాన్ని జనం ముందుకు సాగే నడక చేశాడు. ఇవాళ "ఆయన రాజకీయ ప్రస్థానం" అని పత్రికలు రాస్తే ఎవరికీ చావు గుర్తురాదు. ప్రస్థానం, ప్రాయం రెంటికీ వెళ్లడమే అసలు అర్థం. ఒకటి మళ్లీ నడక నేర్చుకుంది, రెండోది కూర్చున్నచోటే ఉండిపోయింది. ప్రాయోపవేశాన్ని ఫ్యాక్టరీ మూతకో, ఆగిపోయిన ప్రాజెక్టుకో ఉపమానంగా వాడాలనుకుంటే వాడొచ్చు, కానీ అక్కడ ఒక నిశ్చయం కనబడాలి. దానంతట అది మూలపడితే అది మృతప్రాయం, ప్రాయోపవేశం కాదు.

ఒకరోజు నిరాహార దీక్షను ప్రాయోపవేశం అనొచ్చా?

అనకూడదు.

వాక్యంలో ఎలా వాడాలి?

"ప్రాయోపవేశం చేశాడు" అనేది అన్నిచోట్లా సరిపోతుంది. "ప్రాయోపవేశానికి కూర్చున్నాడు" అంటే కూర్చోవడం రెండుసార్లు వచ్చినా తెలుగు చెవికి బాగుంటుంది. "ప్రాయోపవేశానికి దిగాడు" అనేది దీక్షకు దిగడం, సమ్మెకు దిగడం నుంచి వచ్చిన పత్రికల పలుకుబడి. ఒత్తిడి కోసం చేసినప్పుడు పరవాలేదు, పరీక్షిత్తుకు మాత్రం నప్పదు. చేసే మనిషి మగవాడైతే ప్రాయోపవిష్టుడు, స్త్రీ అయితే ప్రాయోపవిష్ట. మధ్యలో ఆపితే విరమించాడు అనండి. దీక్ష భగ్నమైనట్టు ప్రాయోపవేశం భగ్నమైందని కూడా రాయొచ్చు, పోలీసులు ఎత్తుకెళ్లి ఆస్పత్రిలో చేర్చినప్పుడు.

ప్రాయోపవేశనం అని రాస్తే తప్పా?

తప్పు కాదు. కాళిదాసు వాడింది ఆ రూపమే. తెలుగులో పొట్టి రూపం ఎక్కువగా నిలిచింది. ఒకే వ్యాసంలో రెండూ కలపకుండా ఉంటే చాలు.